శాట్ సగటు స్కోరు, కాలేజీ అడ్మిషన్: అంకెల్ని చదివి నిర్ణయం తీసుకునే పద్ధతి

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో నలుగురు తెలుగు తల్లిదండ్రులు కలిశారంటే, పిల్లలు పదకొండో గ్రేడ్‌కి వచ్చారని తెలియగానే మాట కాలేజీ అడ్మిషన్ కోసం రాసే శాట్ పరీక్ష మీదికి మళ్లుతుంది. ఒకరు 1540 అంటారు. ఇంకొకరు 1480 వచ్చినా మళ్లీ రాయిస్తున్నామంటారు. 1350 వచ్చిన పిల్లాడి తల్లి ఇంటికెళ్లి సగటు శాట్ స్కోరు ఎంతో వెతుకుతుంది. 1024 అని కనిపిస్తుంది, కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. తర్వాత వాడికి నచ్చిన కాలేజీ పేరు పెట్టి వెతికితే 1500 పైన ఏదో కనిపిస్తుంది. మళ్లీ టెన్షన్.

రెండు అంకెలూ నిజమే, కానీ అవి రెండు వేర్వేరు గుంపులవి. సగటు అని ఏది కనిపించినా ముందు అడగాల్సింది "ఇది ఎవరి సగటు?" అని. అమెరికాలో డిగ్రీ స్థాయి అడ్మిషన్ కోసం ఈ అంకెల్ని ఏ వరుసలో చూడాలో, స్కోరు పంపాలో వద్దో ఎలా తేల్చుకోవాలో కింద రాశాను. అమెరికాలో చదువుతున్న పిల్లలకూ, హైదరాబాద్ నుంచి అప్లై చేసేవాళ్లకూ పద్ధతి ఒకటే. తేడా ఉన్న చోట విడిగా చెప్పాను.

మొదటి అడుగు: దేశం మొత్తం సగటును చూసి పక్కన పెట్టేయండి

శాట్ మొత్తం 1600కి. రీడింగ్ అండ్ రైటింగ్ 200 నుంచి 800, మ్యాథ్ 200 నుంచి 800. 2023 మార్చి నుంచి అమెరికా బయట, 2024 మార్చి నుంచి అమెరికాలో పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతోంది. సమయం 2 గంటల 14 నిమిషాలు. ఒక్కో సెక్షన్‌లో రెండు మాడ్యూళ్లు ఉంటాయి, మొదటిది ఎలా చేశారన్న దాన్ని బట్టి రెండోది కష్టంగానో తేలికగానో వస్తుంది. నెగటివ్ మార్కులు లేవు. జేఈఈ అలవాటుతో తెలియని ప్రశ్నను ఖాళీగా వదిలేసే పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

2024లో హైస్కూల్ పూర్తిచేసిన బ్యాచ్‌లో దాదాపు 19.7 లక్షల మంది శాట్ రాశారు. వాళ్ల సగటు 1024. అంతకుముందు ఏడాది 1028. శాట్‌కి బదులు రాయగల రెండో పరీక్ష ఏసీటీ 36కి ఉంటుంది. దాని సగటు 2024 బ్యాచ్‌కి 19.4.

ఈ 1024లో ఎవరెవరున్నారో చూడండి. మిషిగన్, డెలవేర్ లాంటి రాష్ట్రాల్లో స్కూల్లోనే, బడి రోజునే పదకొండో గ్రేడ్ పిల్లలందరి చేతా శాట్ రాయిస్తారు. కాలేజీకి వెళ్లే ఆలోచన లేనివాళ్లూ రాస్తారు కాబట్టి అక్కడి సగటు 1000 లోపే ఉంటుంది. విస్కాన్సిన్‌లో అందరూ రాసేది ఏసీటీ. అక్కడ శాట్ రాసేవాళ్లు కొద్దిమందే, వాళ్లూ ఎక్కువగా పెద్ద కాలేజీల మీద కన్నేసినవాళ్లే. అందుకే ఆ రాష్ట్రం సగటు 1200 దాటుతుంది. అంతమాత్రాన విస్కాన్సిన్ బడులు అంత గొప్పవని కాదు, మిషిగన్ బడులు అంత చెడ్డవనీ కాదు. రాష్ట్రాల ర్యాంకుల పట్టిక ఎవరైనా వాట్సాప్‌లో పంపితే చూసి వదిలేయండి.

దేశం సగటుకు ఒక్క ఉపయోగం ఉంది: పిల్లలు చతికిలబడినప్పుడు చూపించడానికి. 1250 వచ్చి ఏడుస్తున్న అమ్మాయికి, పరీక్ష రాసినవాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురి కంటే తను పైనే ఉందని చెప్పొచ్చు. అది అబద్ధం కాదు.

రెండో అడుగు: పర్సంటైల్‌లో ఏది చూడాలి

శాట్ పెట్టే కాలేజ్ బోర్డు రెండు రకాల పర్సంటైల్ ప్రచురిస్తుంది. ఒకటి అమెరికాలో ఆ గ్రేడ్ పిల్లలందరూ, పరీక్ష రాయనివాళ్లతో సహా, రాస్తే ఎలా ఉంటుందో అంచనా కట్టింది. రెండోది నిజంగా శాట్ రాసినవాళ్లతో పోల్చింది. మొదటిది ఎప్పుడూ కొంచెం ఎక్కువగా, చూడ్డానికి ముచ్చటగా కనిపిస్తుంది. మీరు చూడాల్సింది రెండోది. దాని ప్రకారం 1200 అంటే సుమారు 75, 1400 అంటే సుమారు 93, 1500 అంటే సుమారు 98.

ఇక్కడే ఇంకో మాట. 1500 దాటాక పర్సంటైల్ దాదాపు కదలదు. 1520కీ 1550కీ మధ్య తేడా రెండు మూడు ప్రశ్నలు కావచ్చు. రిపోర్టులోనే స్కోరు పక్కన ఒక రేంజ్ ఇస్తారు. అదే పిల్లవాడు ఇంకో రోజు రాస్తే ఆ రేంజ్‌లో ఎక్కడైనా రావచ్చని దాని అర్థం. పరీక్ష పెట్టేవాళ్లే అంత తేడా సహజమని ఒప్పుకుంటుంటే, మనం 20 పాయింట్ల కోసం వేసవి సెలవులన్నీ పోగొట్టడం ఏమిటి?

ఏసీటీ కూడా రాసి ఉంటే రెండింటినీ పోల్చడానికి కాలేజ్ బోర్డు, ఏసీటీ కలిసి 2018లో విడుదల చేసిన పట్టిక ఉంది. ఏసీటీ 30 అంటే శాట్ 1370, 32 అంటే 1430, 34 అంటే 1500. ఏది ఎక్కువ విలువకు తూగితే అదొక్కటే పంపితే చాలు. రెండూ పంపినందుకు అదనంగా ఏమీ కలిసిరాదు.

మూడో అడుగు: కాలేజీ ఇచ్చే అంకెను దాని మూలంలో చదవండి

అసలు పని ఇక్కడే ఉంది. కాస్త నిదానంగా చేయండి.

దాదాపు ప్రతి పెద్ద కాలేజీ ఏటా "కామన్ డేటా సెట్" అనే పత్రం విడుదల చేస్తుంది. కాలేజీ పేరు, దాని పక్కన ఈ మాట పెట్టి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. ముప్పై నలభై పేజీలుంటుంది కానీ మీకు కావాల్సింది సీ సెక్షన్ మాత్రమే. సీ7లో కాలేజీ దేనికి ఎంత బరువు ఇస్తుందో, సీ8లో టెస్ట్ పాలసీ, సీ9లో స్కోర్లు ఉంటాయి. ఎవరో తయారుచేసిన పట్టికల్లో పాత ఏడాది అంకెలు, తప్పుగా కూడినవి చాలా ఉంటాయి. మూలం ఉచితంగా దొరుకుతున్నప్పుడు వాటితో పనేముంది?

సీ9లో మూడు అంకెలు కనిపిస్తాయి: 25వ, 50వ, 75వ పర్సంటైల్. ఒక కాలేజీకి 1400, 1460, 1520 అని ఉందనుకోండి. స్కోరు పంపి అక్కడ చేరిన పిల్లల్లో పావు వంతుకి 1400 లేదా అంతకంటే తక్కువ, సగం మందికి 1460 లేదా ఎక్కువ, పావు వంతుకి 1520 లేదా ఎక్కువ వచ్చిందన్నమాట. "మిడిల్ 50" అని అందరూ చెప్పుకునేది 1400 నుంచి 1520 దాకా ఉన్న ఈ మధ్య భాగాన్నే.

మన పెద్దవాళ్లు ఇక్కడే తడబడతారు. ఎంసెట్ కౌన్సెలింగ్ చూసి పెరిగినవాళ్లకు కాలేజీ పక్కన అంకె కనిపిస్తే అది చివరి ర్యాంకులా అనిపిస్తుంది: గీతకు లోపలుంటే సీటు, బయటుంటే లేదు. సీ9లో అలాంటి గీత లేదు. 1400 కంటే తక్కువ వచ్చి చేరినవాళ్లు పావు వంతు ఉన్నారు. 1520 కంటే ఎక్కువ వచ్చి తిరస్కరించబడ్డవాళ్లు ఎందరో ఆ పత్రంలో ఉండరు, ఎందుకంటే అది చేరినవాళ్ల లెక్క. పేరున్న కాలేజీల్లో అలా తిరస్కరించబడేవాళ్లు వేలల్లో ఉంటారు.

ఆ మూడు అంకెల కంటే ముఖ్యమైనది వాటి పైనే ఉంటుంది, చాలామంది చూడరు: చేరినవాళ్లలో ఎంత శాతం స్కోరు పంపారు అన్నది. స్కోరు ఐచ్ఛికంగా ఉన్న కాలేజీలో 40 శాతమే పంపారంటే, ఆ 1400–1520 అనేది ఆ 40 శాతానిది మాత్రమే. మంచి స్కోరు వచ్చినవాళ్లే పంపుతారు కాబట్టి ఆ అంకె నిజమైన క్లాస్ కంటే పైకి లేచి ఉంటుంది. ఎంత పైకి అన్నదానికి ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ఒక ఆధారం ఇచ్చింది. 2024 మార్చిలో మళ్లీ స్కోరు తప్పనిసరి చేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, ఆ ఏడాది అప్లికేషన్లలో స్కోరును పరిగణించమని కోరిన 42 శాతం మంది మధ్యస్థ స్కోరు 1420 అనీ, వద్దన్నవాళ్లది 1160 అనీ చెప్పింది. 260 పాయింట్ల తేడా. కాలేజీ ప్రచురించే అంకెలో రెండో గుంపు కనిపించదు.

ఇంకో రెండు చిన్న జాగ్రత్తలు. రెండు సెక్షన్ల 25వ పర్సంటైళ్లను కూడితే మొత్తం స్కోరు 25వ పర్సంటైల్ రాదు, ఎందుకంటే ఇంగ్లీషులో తగ్గినవాళ్లూ మ్యాథ్‌లో తగ్గినవాళ్లూ ఒకరే కాదు. సీ9లో మొత్తం స్కోరుకు విడిగా వరుస ఉంది, అదే వాడండి. రెండోది, ఈ అంకెలు యూనివర్సిటీ మొత్తానివి. కంప్యూటర్ సైన్స్‌కి, ఇంజనీరింగ్‌కి విడిగా సీట్లు నింపే పెద్ద యూనివర్సిటీల్లో ఆ కోర్సులకు వచ్చేవాళ్ల మ్యాథ్ స్కోరు ఈ రేంజ్ కంటే పైనే ఉంటుంది. మన పిల్లల్లో ఎక్కువమంది అప్లై చేసేది ఆ కోర్సులకే కాబట్టి, కంప్యూటర్ సైన్స్ అనుకుంటే మధ్య అంకెను కాకుండా 75వ పర్సంటైల్‌ను లక్ష్యంగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. రేంజ్ కింది భాగంలో క్రీడల కోటాలో తీసుకున్నవాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు కూడా ఉంటారు. ఆ దారి మీకు లేకపోతే కింది అంకెను చూసి ధైర్యం తెచ్చుకోకండి.

నాలుగో అడుగు: పాలసీని బట్టి కాలేజీల్ని మూడు కుప్పలు చేయండి

తప్పనిసరి, ఐచ్ఛికం, అసలు చూడనివి. కోవిడ్‌లో చాలా కాలేజీలు శాట్ వదిలేశాయి. తర్వాత ఒక్కొక్కటిగా వెనక్కి వస్తున్నాయి. ఎంఐటీ 2022లోనే తప్పనిసరి చేసింది. 2024లో డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్, ఆస్టిన్ టెక్సస్ యూనివర్సిటీ అదే బాట పట్టాయి. యేల్ మాత్రం శాట్, ఏసీటీకి బదులు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) లేదా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పరీక్షల స్కోర్లు కూడా ఒప్పుకుంటానంది. స్టాన్‌ఫోర్డ్, కార్నెల్ 2026లో చేరేవాళ్లతో మొదలుపెట్టాయి. ఫ్లోరిడా ప్రభుత్వ యూనివర్సిటీలు, జార్జియా టెక్, పర్డ్యూ స్కోరు అడుగుతాయి.

అటు పక్క కాలిఫోర్నియా. బర్క్లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగో అన్నీ ఉన్న యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వ్యవస్థ మీరు 1600 పంపినా అడ్మిషన్‌కి చూడదు, స్కాలర్‌షిప్‌కీ చూడదు. కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) కూడా అంతే. ఫ్రీమాంట్‌లో ఉండి యూసీలకే అప్లై చేసే పిల్లలకు శాట్ కోచింగ్ కట్టించే ముందు ఇది ఒకసారి ఆలోచించండి.

మధ్యలో ఐచ్ఛికం. షికాగో యూనివర్సిటీ 2018 నుంచి ఈ దారిలో ఉంది. కొలంబియా 2023లో ఇదే తన శాశ్వత విధానమని ప్రకటించింది. తల్లిదండ్రులకు తలనొప్పంతా ఈ కుప్పతోనే.

ఐదో అడుగు: పంపాలా, వద్దా

ఐచ్ఛికం అన్న ప్రతి కాలేజీకీ విడిగా తేల్చండి. మధ్య అంకెకు సమానంగా లేదా పైన ఉంటే ఆలోచించకుండా పంపండి. 25వ పర్సంటైల్‌కీ 50వ పర్సంటైల్‌కీ మధ్య ఉంటే నేనైతే పంపమనే చెబుతాను. పంపిన వాళ్ల స్కోర్లే లెక్కలోకి వచ్చి అంకె పైకి లేచింది కాబట్టి, కాగితం మీద "సగటు కంటే తక్కువ" అనిపించేది నిజం క్లాస్‌లో సగటో అంతకంటే ఎక్కువో అయ్యే అవకాశం ఉంది.

25 కంటే కింద ఉంటే ఇంకో అంకె తీసుకురండి: మీ హైస్కూల్ సగటు. ప్రతి స్కూల్ కౌన్సెలర్ కాలేజీలకు "స్కూల్ ప్రొఫైల్" అని ఒక పత్రం పంపుతారు. చాలా ప్రొఫైళ్లలో ఆ స్కూల్ శాట్ సగటు ఉంటుంది. అడ్మిషన్ ఆఫీసు మీ పిల్ల స్కోరును ముందుగా దాంతోనే పోల్చి చూస్తుంది. సగటు 1050 ఉన్న స్కూల్లో 1390 తెచ్చిన అమ్మాయి చాలా ఎత్తులో ఉన్నట్టు. సగటు 1350 ఉన్న స్కూల్లో అదే 1390 మామూలు స్కోరు. డార్ట్‌మత్ స్కోరును మళ్లీ తప్పనిసరి చేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి: అంతగా వనరులు లేని స్కూళ్ల నుంచి వచ్చిన పిల్లలు తమకు మేలు చేసే 1400ల స్కోర్లను, కాలేజీ సగటు చూసి భయపడి దాచుకుంటున్నారని వాళ్ల అధ్యయనంలో తేలింది.

ఊహకు ఒక ఉదాహరణ. ఫ్రిస్కోలో చదివే అబ్బాయి, మొత్తం 1430, అందులో మ్యాథ్ 770, ఇంగ్లీషు 660. మెకానికల్ ఇంజనీరింగ్ కావాలి. ఒక ఐచ్ఛిక కాలేజీ రేంజ్ 1440–1530, స్కోరు పంపినవాళ్లు 38 శాతం. మొత్తం చూస్తే రేంజ్ కింద ఉన్నాడు. కానీ ఇంజనీరింగ్‌కి వాళ్లు ముందు చూసేది మ్యాథ్, అది బలంగా ఉంది. పంపినవాళ్లు మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే కాబట్టి అంకె బాగా పైకి లేచింది. పంపొచ్చు. అదే అబ్బాయి ఇంగ్లీషు లిటరేచర్‌కి అప్లై చేస్తే పంపకపోవడమే నయం.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాస్ ర్యాంకును బట్టి వస్తుంది, 2026లో చేరేవాళ్ల నుంచి అది పైనున్న 5 శాతానికే. ఫ్రిస్కో, ప్లేనో, కాపెల్ లాంటి చోట్ల ఆ 5 శాతంలో ఉండటం ఎంత కష్టమో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ర్యాంకులో ఇరుక్కున్న పిల్లలకు శాట్ స్కోరు బరువు అక్కడ ఇంకా పెరుగుతుంది. ఆటోమేటిక్ అడ్మిషన్ వచ్చినా కోరిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు) వస్తుందన్న హామీ లేదు.

సీ7 కూడా ఇప్పుడే చూడండి. "చాలా ముఖ్యం" అన్న గడిలో ఎక్కువ కాలేజీలు పెట్టేది తీసుకున్న కోర్సుల స్థాయి, జీపీఏ (హైస్కూల్ మార్కుల సగటు). జీపీఏ తగ్గి శాట్ ఎక్కువగా ఉంటే, తెలివి ఉంది కానీ శ్రమ పడడు అని చదువుకునే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు ఇంకోసారి శాట్ రాయించే బదులు పన్నెండో గ్రేడ్ మొదటి సెమిస్టర్ మార్కుల మీద కూర్చోబెట్టడం మంచిది.

ఆరో అడుగు: మళ్లీ రాయించాలా

పదకొండో గ్రేడ్ మార్చిలో ఒకసారి, అవసరమైతే ఆగస్టులో ఇంకోసారి. చాలామందికి ఇది చాలు. ఎర్లీ అప్లికేషన్లు ఎక్కువగా నవంబర్ 1కి ముగుస్తాయి కాబట్టి అక్టోబర్ పరీక్ష చివరి అవకాశం అనుకోండి.

చాలా కాలేజీలు సూపర్‌స్కోర్ చేస్తాయి, అంటే వేర్వేరు తేదీల్లోంచి ఒక్కో సెక్షన్‌లో ఎక్కువది తీసుకుంటాయి. మార్చిలో ఇంగ్లీషు 640, మ్యాథ్ 760, ఆగస్టులో ఇంగ్లీషు 700, మ్యాథ్ 730 వస్తే మొత్తాలు 1400, 1430. సూపర్‌స్కోర్ 1460. కాబట్టి రెండోసారి ఒక్క సెక్షన్ మీదే దృష్టి పెట్టి చదివినా నష్టం లేదు. అందరూ ఇలా చేయరు. ఇంకో సంగతి, జార్జ్‌టౌన్ లాంటివి రాసిన స్కోర్లన్నీ పంపమంటాయి. అప్లై చేసే ముందు ఆ కాలేజీ సైట్‌లో చూసుకోండి.

లిస్టులో ఉన్న కాలేజీల్లో సగానికి పైగా 75వ పర్సంటైల్ దాటేశారంటే ఆపేయండి. అక్కడి నుంచి స్కోరు పెరిగితే పేరంటాల్లో చెప్పుకోవడానికే.

హైదరాబాద్ నుంచి రాసేవాళ్లకు, వీసా మీద ఉన్నవాళ్లకు

ఇంటర్ ఎంపీసీ పిల్లలకు శాట్ మ్యాథ్ సిలబస్ చిన్నదే. ఆల్జీబ్రా, డేటా, జామెట్రీ, కొంచెం ట్రిగనామెట్రీ. క్యాలిక్యులస్ లేదు. స్క్రీన్ మీదే డెస్మాస్ గ్రాఫ్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, దాన్ని వాడటం నేర్చుకోండి. చేత్తో చేయడమే గొప్ప అనుకునే అలవాటు ఇక్కడ టైమ్ తినేస్తుంది. మార్కులు పోయేది రీడింగ్ అండ్ రైటింగ్‌లో. చదివే సమయంలో నాలుగింట మూడు వంతులు దానికే ఇవ్వండి. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల రికార్డు అడుగుతారు కాబట్టి పాత స్కూల్ నుంచి ఆ కాగితాలు ముందే తెచ్చుకోండి. చాలా కాలేజీలు టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్ విడిగా అడుగుతాయి.

అమెరికాలో హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సహాయం రాదు. అందుకే వాళ్లకు స్కోరును బట్టి ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్‌లు అందరికంటే ఎక్కువ అవసరం. అలబామా యూనివర్సిటీ లాంటివి ఇంత జీపీఏ, ఇంత స్కోరు ఉంటే ఇంత డబ్బు అని పట్టికే ప్రచురిస్తాయి. అడ్మిషన్‌కి పనికిరాని ఆ చివరి 30 పాయింట్లు అలాంటి పట్టికలో ఒక గడి నుంచి పై గడికి తీసుకెళ్లొచ్చు. అక్కడ మళ్లీ రాయడంలో అర్థం ఉంది. వీసా మీద ఉన్నవాళ్లకు ఆ స్కాలర్‌షిప్ వర్తిస్తుందో లేదో ముందే ఈమెయిల్ రాసి అడిగి, జవాబు దాచుకోండి.

పదకొండో గ్రేడ్ అక్టోబర్‌లో రాసే పీఎస్ఏటీ (శాట్‌కి ముందు రాసే పరీక్ష) నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి దారి. అక్కడ లెక్క వేరు: ఇంగ్లీషు స్కోరును రెట్టింపు చేసి, మ్యాథ్ కలిపి, పదితో భాగిస్తారు. గరిష్ఠం 228. కటాఫ్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, న్యూజెర్సీలో సాధారణంగా అన్నిటికంటే పైస్థాయిలోనే ఉంటుంది. ఇంగ్లీషుకు రెట్టింపు బరువు కాబట్టి మ్యాథ్‌లో 760 తెచ్చే మన పిల్లలు చాలామంది ఇక్కడ కొద్దిలో జారిపోతారు. అమెరికా బయట చదివేవాళ్లకు దీనికి పౌరసత్వం, గ్రీన్ కార్డుకు సంబంధించిన షరతులున్నాయి. పదో గ్రేడ్‌లోనే కౌన్సెలర్‌ని అడిగి తెలుసుకుంటే, అర్హత లేని పరీక్ష కోసం ఒక వేసవి పోదు.

పాలసీ విషయంలో మాత్రం పెద్ద పిల్లల అనుభవం చిన్నవాళ్లకు పనికిరాదు. ప్రిన్స్‌టన్ ఇప్పుడు ఐచ్ఛికమే, కానీ 2027–28 అడ్మిషన్ల నుంచి తప్పనిసరి చేస్తానని 2025లో ప్రకటించింది. అక్క స్కోరు లేకుండా అప్లై చేసిన చోట తమ్ముడు స్కోరు పెట్టాల్సి రావచ్చు. తొమ్మిదో గ్రేడ్‌లో ఒకసారి, పదకొండో గ్రేడ్ మొదట్లో ఇంకోసారి ప్రతి కాలేజీ సొంత సైట్ తెరిచి, ఏ ఏడాది చేరేవాళ్లకు ఆ నియమమో చూసి రాసిపెట్టుకోండి.